ఫోటోలో మనం చూసుకోనివి

(విజయవాడ సత్యనారాయణపురంలో తల్లిదండ్రుల కోసం జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో అమ్మా, వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఫోటోలు తీసుకోవద్దనీ, ఎవరికీ పంపొద్దనీ చెప్పడానికి రాలేదు. మనవడి బారసాల ఫోటో చూసుకుని డాలస్‌లో ఉన్న మేనత్త కళ్ళు తుడుచుకుంటుంది. ఆ సంతోషాన్ని ఎవరు కాదంటారు? నేను అడిగేది ఒక్కటే. పిల్లాడి ఫోటో చూస్తే మనకి వాడి నవ్వు కనిపిస్తుంది. మనల్ని ఎరగనివాడికి ఆ నవ్వుతో పనిలేదు, వాడి కళ్ళు పిల్లాడి వెనక ఏముందో వెతుకుతాయి. ఆ వెనక ఉన్నదేమిటో ఈ పూట మనమూ చూద్దాం.

ఒక ఫోటో ఊహించుకోండి. మన ఇళ్ళన్నిట్లో ఉండేదే. జూన్‌లో బడి తెరిచిన రోజు. పిల్లాడు యూనిఫామ్ వేసుకుని, టై కట్టుకుని, బ్యాగు తగిలించుకుని గేటు ముందు నిలబడ్డాడు. బస్సు వచ్చేలోపు వాళ్ళమ్మ ఒక ఫోటో తీసింది. "మా బుజ్జిగాడు, ఒకటో క్లాసు, మొదటిరోజు" అని రాసి పెట్టింది. ముచ్చటైన ఫోటో. ఇప్పుడు దీన్ని రెండు వేళ్ళతో పెద్దది చేయండి.

యూనిఫామ్ చూస్తే ఏ బడో తెలిసింది. మెడలో ఐడీ కార్డుంది. ఇప్పటి ఫోన్ కెమెరాలకి ఆ కార్డు మీద అక్షరాలు చక్కగా వస్తాయి. ఏముంటాయండీ దాని మీద? పిల్లాడి పేరు, క్లాసు, సెక్షను, తండ్రి పేరు, తండ్రి ఫోన్ నంబరు, కొన్నిటి మీద బస్సు రూటు నంబరు. వెనక గేటు పక్కన డోర్ నంబరు పలక. పక్కనే స్కూటరు, దాని నంబరు ప్లేటు. ఎదుటి కొట్టు బోర్డు మీద కిందిగా వీధి పేరు. పోస్టు పెట్టిన టైము ఏడూ ముప్పావు. అంటే ఈ పిల్లాడు రోజూ ఏ టైముకి ఎక్కడ నిలబడతాడో చెప్పేశాం. వాళ్ళమ్మ రాసింది నాలుగు మాటలే. ఫోటో చెప్పినవి పది సంగతులు.

అన్నిటికంటే ప్రమాదమైనది ఏదో తెలుసా? "బుజ్జిగాడు." ముద్దుపేరు. కొత్తమనిషి వచ్చి అసలు పేరుతో పిలిస్తే పిల్లలు తటపటాయిస్తారు. "బుజ్జీ, నాన్న పంపించారు, రా" అంటే? ముద్దుపేరు ఇంట్లోవాళ్ళకే తెలుస్తుందని పిల్లాడి నమ్మకం. ఆ నమ్మకాన్ని మనమే తీసుకెళ్ళి పదిమందిలో పెట్టాం.

మరి ఏం చేయాలి? ఫోటో మానక్కర్లేదు. కార్డు తీసి జేబులో పెట్టించండి. గేటు ముందు కాకుండా ఇంట్లో సాదా గోడ దగ్గర నిలబెట్టండి. ముద్దుపేరు, బడి పేరు రాయకండి. అప్పటికప్పుడు పెట్టకుండా రాత్రి పెట్టండి. ఇంకొకటి, ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఎవరు వచ్చి "అమ్మ పంపింది" అన్నా ఆ మాట చెప్పకపోతే వెళ్ళకూడదని పిల్లలకి నేర్పండి. రెండుమూడు సార్లు ఆటలాగా ఆడిస్తే చాలు, వాళ్ళకి గుర్తుంటుంది.

ఒక్క ఫోటోతో ఎవరూ పెద్దగా ఏమీ చేయలేరు. మనం ఆగేది ఒక్క ఫోటోతోనా? పుట్టినరోజు కేకు మీద అంకె కొవ్వొత్తి, పోస్టు తేదీ. రెండూ కలిస్తే పుట్టినతేదీ వచ్చేసింది. పెళ్ళిరోజు ఫోటోలో మీ పెళ్ళి తేదీ. తమ్ముడి పెళ్ళి శుభలేఖ ఫోటో పెడితే మీ పుట్టింటి ఇంటిపేరు, ఊరు, తాతగారి పేరుతో సహా. అమ్మ పుట్టింటి ఇంటిపేరు, పుట్టినతేదీ... పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగే ప్రశ్నలు ఇవే కదా? చాలామంది పిన్ నంబరు కూడా పిల్లల పుట్టినతేదీయే. చేతులెత్తమని అడగను. ఇంటికెళ్ళి మార్చుకోండి.

ఇంకో రకం ఫోటో ఉంది, మన దగ్గర మరీ ఎక్కువ. గన్నవరం ఎయిర్‌పోర్టులో సెండాఫ్. అబ్బాయి ఎంఎస్‌కి వెళుతున్నాడు, చేతిలో పాస్‌పోర్టు, అందులోంచి బయటికి కనిపిస్తూ బోర్డింగ్ పాస్. దాని మీద ఇంటిపేరు, పీఎన్‌ఆర్ ఉంటాయి. చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో ఆ రెండూ కొడితే బుకింగ్ తెరుచుకుంటుంది. ఫోన్ నంబరు, ఈమెయిలు, తిరుగు టికెట్టు ఉంటే అదీ చూడొచ్చు, కొన్నిట్లో మార్చొచ్చు కూడా. "పేరు చెరిపేశాంగా" అంటారు. కింద బార్‌కోడ్ ఉంది కదా! పేరూ పీఎన్‌ఆరూ దాన్లోనూ ఉంటాయి. వీసా స్టాంపింగ్ ఫోటోలు, ర్యాంకు కార్డులు, హాల్ టికెట్లు, ఇల్లు రిజిస్ట్రేషన్ అయ్యాక దస్తావేజు పట్టుకుని దిగిన ఫోటోలు కూడా ఇంతే. కాగితం కనబడే ఫోటో ఏదైనా పెట్టొద్దు.

చెరపడం గురించి ఒక చిన్న విషయం. ఫోన్‌లో పెన్నుతో గీతలు గీసి నంబరు కప్పుతుంటారు. హైలైటర్ లాంటి పల్చటి రంగుతో గీస్తే, వెలుతురు పెంచి చూస్తే కింది అక్షరాలు బయటపడతాయి. 2023 మార్చిలో కొన్ని ఫోన్ల ఎడిటింగ్‌లో ఒక లోపం బయటపడింది. కత్తిరించేశామనుకున్న భాగాన్ని ఫైల్లోంచి మళ్ళీ బయటికి తీయగలిగారు. కాబట్టి పూర్తిగా మూసే నల్ల డబ్బా గానీ ఇమోజీ గానీ పెట్టండి. పెట్టాక దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, ఆ స్క్రీన్‌షాట్ పంపండి. అందులో కింద దాగినదేమీ ఉండదు.

ఇప్పుడు ఫోన్లు తీయండి. అందరూ. ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఫోటోస్ తెరిచి ఇంట్లో తీసిన ఏదైనా ఒక ఫోటో మీద పైకి జరపండి. ఐఫోన్ వాళ్ళు ఫోటో కింద "ఐ" గుర్తు నొక్కండి. ఏం కనబడుతోంది? తేదీ, నిమిషాలతో సహా టైము, ఫోన్ మోడలు. కొంతమందికి కింద మ్యాపు కూడా వస్తోంది. ఎంతమందికి మ్యాపు వచ్చింది? చూశారా, సగం మంది పైనే ఉన్నారు.

ఫోటో ఫైలులోపల అక్షాంశం, రేఖాంశం అంకెల్లో రాసి ఉంటాయి. 16.5, 80.6 అంటే విజయవాడ. ఆ చుక్క తరవాత అంకెలు ఎన్ని ఉంటే అంత దగ్గరికి వస్తాం. నాలుగో అంకె ఒకటి మారితే తేడా సుమారు 11 మీటర్లు. ఐదో అంకెకి ఒక మీటరు. మీ గేటు దాకా వచ్చేసినట్టే.

ఇక్కడ ఒక తికమక ఉంది, జాగ్రత్తగా వినండి. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపితే అది కుదించి పంపుతుంది, ఈ లొకేషన్ అంకెలు పోతాయి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినా చూసేవాళ్ళకి అందే కాపీలో ఉండవు. అయితే మీరు ఎక్కించిన ఫైలులో ఉన్నది ఆ కంపెనీకి చేరుతుంది. అదే వాట్సాప్‌లో "క్లారిటీ పోతోంది, డాక్యుమెంటుగా పంపించు" అంటారు చూడండి? డాక్యుమెంటుగా పంపితే అంకెలన్నీ భద్రంగా వెళతాయి. ఈమెయిల్‌కి జతచేసినా, డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చినా అంతే. పాత మంచం అమ్ముతున్నామని బెడ్‌రూమ్‌లో ఫోటో తీసి తెలియనివాళ్ళకి డాక్యుమెంటుగా పంపామంటే అడ్రసు ఇచ్చినట్టే.

ఆపడం తేలిక. కెమెరా తెరిచి పైన పళ్ళచక్రం గుర్తు నొక్కండి. శాంసంగ్‌లో "లొకేషన్ ట్యాగ్స్" అని, రెడ్‌మీలో "సేవ్ లొకేషన్ ఇన్ఫో" అని, మిగతావాటిలో అటూఇటూగా ఇదే మాట ఉంటుంది. ఆపేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా, నెవర్. యాత్రలకి వెళ్ళినప్పుడు గుర్తుగా లొకేషన్ కావాలనుకుంటే అప్పుడు పెట్టుకోండి, వచ్చాక తీసేయండి.

సరే, ఎవరు చూస్తున్నారు అన్న సంగతికి వద్దాం. వాట్సాప్ స్టేటస్ "మనవాళ్ళే కదా చూసేది" అంటాం. మనవాళ్ళు ఎవరు? మీ ఫోన్‌లో సేవ్ చేసి ఉండి, మీ నంబరు కూడా సేవ్ చేసుకున్న ప్రతి ఒక్కరూ. గ్యాస్ తెచ్చే అబ్బాయి, ఏసీ మెకానిక్, నాలుగేళ్ళ కిందట ఇల్లు చూపించిన బ్రోకరు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదండి, ఆ మాట అనట్లేదు. మీ అమ్మాయి ఫోటో వాళ్ళకి చూపించాలని మీరు ఎప్పుడూ అనుకోలేదు, అదీ సంగతి. సంక్రాంతికి వడ్డాణం, కాసులపేరు పెట్టుకున్న ఫోటో ఒకటి, గంట తరవాత రైల్వేస్టేషన్‌లో సామాన్లతో ఇంకొకటి. ఇంట్లో ఏముందో, ఇంట్లో ఎవరూ లేరనీ వరసగా చెప్పేశాం. ఊరెళ్ళి వచ్చాక పెట్టినా ఆ ఫోటో అందం తగ్గదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీలో స్టేటస్ నొక్కండి. "ఓన్లీ షేర్ విత్" అని ఉంది. మొత్తం జాబితాలోంచి వద్దన్నవాళ్ళని ఏరడం కంటే కావలసిన ఇరవై ముప్పై మందిని పెట్టుకోవడం మేలు. కొత్త నంబరు సేవ్ చేసినా వాళ్ళు దాంట్లో చేరరు. ప్రొఫైల్ ఫోటో "మై కాంటాక్ట్స్" చేయండి. దాన్ని "ఎవ్రీవన్" అని వదిలేస్తే మీ నంబరు తెలిసిన ఎవరికైనా కనిపిస్తుంది. "అమ్మా, ఫోన్ పోయింది, ఇది కొత్త నంబరు, అర్జెంటుగా డబ్బు వేయి" అని వచ్చే మోసాల్లో మీ అబ్బాయి ఫోటో అక్కడినుంచే తెస్తారు. డీపీని స్క్రీన్‌షాట్ తీయనివ్వట్లేదు కదా అంటారేమో. పక్కఫోన్‌తో ఫోటో తీస్తే ఎవరు ఆపుతారు? ఒక్కసారి చూస్తే మాయమయ్యే ఫోటోకైనా అంతే.

గ్రూపుల సంగతి. గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. కాలనీ గ్రూపు, అపార్ట్‌మెంటు గ్రూపు, కులసంఘం గ్రూపు, పెళ్ళి సంబంధాల గ్రూపు. అమ్మాయి బయోడేటాలో ఫోటో, పుట్టినతేదీ, పుట్టిన టైము, నక్షత్రం, గోత్రం, జీతం, తండ్రి ఫోను. ఒక గ్రూపులో వేస్తే సాయంత్రానికి ఇరవై గ్రూపులు. పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఆ ఫైలు తిరుగుతూనే ఉంటుంది. బయోడేటాలో ఫోటో పెట్టకండి. జాతకం కుదిరి, అవతలివాళ్ళతో మాట్లాడాక విడిగా పంపండి. ఫోటో మీద మధ్యలో అడ్డంగా, ఎవరికి పంపుతున్నారో ఆ ఇంటిపేరు, తేదీ పల్చగా రాసి పంపండి. అది ఎక్కడ తేలినా ఎవరి దగ్గరినుంచి వెళ్ళిందో తెలుస్తుంది. ఆ సంగతి అవతలివాళ్ళకీ తెలుసు కాబట్టి జాగ్రత్తగా ఉంటారు.

ఫేస్‌బుక్ వాడేవాళ్ళు రెండు పనులు చేయండి. "లాక్ ప్రొఫైల్" అని ఉంది, 2020 మేలో మన దేశంలో తెచ్చారు. ఫ్రెండ్స్ కానివాళ్ళకి మీ ఫోటోలూ పోస్టులూ కనబడకుండా చేస్తుంది. పెట్టుకోండి. రెండోది, సెట్టింగ్స్‌లో పోస్టుల దగ్గర "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అని ఉంటుంది. పదేళ్ళ కిందట పబ్లిక్‌గా పెట్టినవన్నీ ఒక్క నొక్కుతో ఫ్రెండ్స్‌కి మాత్రమే అవుతాయి. మీరు ఫ్రెండ్స్‌కే పెట్టినా, ఫోటోలో మీ చెల్లెల్ని ట్యాగ్ చేస్తే ఆమె ఫ్రెండ్స్‌కీ కనిపించొచ్చు. ఈ ట్యాగ్ సంగతి చాలామందికి తెలియదు.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. ఇక్కడ పెద్దవాళ్ళున్నారు, నొచ్చుకోకుండా వినండి. ఓణీల ఫంక్షను. పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల. ఆ పిల్లకి ఒంట్లో వచ్చిన మార్పుని బంధువుల మధ్య జరుపుకోవడం వేరు. పిల్ల పేరు, ఫోటో, తల్లిదండ్రుల పేర్లు, తేదీ, హాలు పేరుతో ఫ్లెక్సీ కట్టి, ఆ ఫ్లెక్సీ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఫంక్షను మొత్తం యూట్యూబ్‌లో పబ్లిక్‌గా లైవ్ ఇవ్వడం వేరు. ఆ పిల్ల సోమవారం బడికి వెళ్ళాలి. క్లాసులో మగపిల్లలు ఆ వీడియో చూసి ఉంటారు. ఆ పిల్లని ఎవరైనా అడిగారా? ఎవరూ అడగలేదు. పెద్దయ్యాక తీసేయమంటే మన చేతిలో ఉండదు. ఇందులో తల్లిదండ్రుల దుర్బుద్ధి ఏమీ లేదు, గారాబమే ఉంది. కానీ మోయాల్సింది పిల్ల.

ఫోటోగ్రాఫర్‌తో అడ్వాన్సు ఇచ్చేటప్పుడే నాలుగు మాటలు కాగితం మీద రాయించుకోండి. ఒకటి, మా అనుమతి లేకుండా మీ ఇన్‌స్టా పేజీలో, షాపు బోర్డు మీద మా ఫోటోలు పెట్టకూడదు. రెండు, లైవ్ లింకు "పబ్లిక్" కాకూడదు, "అన్‌లిస్టెడ్" ఉండాలి. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు, లింకు ఉన్నవాళ్ళు ఎవరైనా చూడొచ్చు. కాబట్టి ఫంక్షను అయిన వారానికి దాన్ని "ప్రైవేట్" చేయాలి. మూడు, ఈమధ్య హాలు గుమ్మంలో క్యూఆర్ కోడ్ పెడుతున్నారు. సెల్ఫీ ఇస్తే మీరున్న ఫోటోలన్నీ వెతికి ఇస్తుంది. అంటే అక్కడికి వచ్చిన ప్రతి అతిథి ముఖం కొలతలూ ఏదో కంపెనీ దగ్గరికి చేరాయి. ఆల్బమ్‌కి పిన్ ఉందా, ఎన్ని రోజులకి మూస్తారు, తరవాత తుడిచేస్తారా అని అడగండి. నాలుగు, చంటిపిల్లల నలుగు స్నానాల ఫోటోలు, బట్టలు మార్చుకునే గదిలో తీసినవి వాళ్ళ హార్డ్‌డిస్కులో ఉంచకూడదు. అసలు బట్టల్లేని పసిపిల్లల ఫోటోలు ఎవరికీ పంపకండి, క్లౌడ్ బ్యాకప్‌లోకీ పోనివ్వకండి. మనకి అది పసితనం. అలాంటివాటికోసమే వెతికేవాళ్ళు ఉన్నారు.

ముఖం గురించి చెప్పాలి. మీ గూగుల్ ఫోటోస్‌లో వెతికే చోట నొక్కితే గుండ్రటి గళ్ళలో ఇంట్లోవాళ్ళ ముఖాలు కనిపిస్తాయి. మూడేళ్ళ పిల్లాడినీ, పదేళ్ళ పిల్లాడినీ ఒకడేనని అది పోల్చగలదు. మీ ఫోన్‌లో అది సదుపాయం. బయట? అమెరికాలో క్లియర్‌వ్యూ అనే కంపెనీ ఇంటర్నెట్టులో పబ్లిక్‌గా ఉన్న 300 కోట్లకి పైగా ఫోటోలు ఎవరినీ అడక్కుండా పోగేసిందని 2020 జనవరిలో బయటపడింది. ఎక్కడివి? మనలాంటివాళ్ళు పెట్టుకున్నవే.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న పేరుతో ఒక వీడియో తిరిగింది, గుర్తుందా? వేరే అమ్మాయి వీడియోకి ఈమె ముఖం అతికించారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసిన యువకుడు మన గుంటూరు జిల్లావాడు. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. అది ఎక్కడో దూరదేశంలో జరిగే పని అనుకోకండి. నటి కాబట్టి దేశమంతా మాట్లాడింది, పోలీసులు కదిలారు. మన వీధిలో ఇంటర్ చదివే అమ్మాయికి జరిగితే? ఒక్క ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో చాలు, బట్టల్లేకుండా ఉన్నట్టు చేసే యాప్‌లున్నాయి. ఆ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. అలాంటిది జరిగితే ఇంట్లో మొదటి మాట "నువ్వెందుకు ఫోటో పెట్టావు" అని రాకూడదు. దయచేసి రాకూడదు. ఆ మాటకి భయపడే పిల్లలు చెప్పరు, బెదిరించేవాడు దాని మీదే బతుకుతాడు.

జరిగితే వరసగా ఏం చేయాలో రాసుకోండి. బెదిరించేవాడికి డబ్బు పంపొద్దు. పంపితే ఆగడు, ఇంకా అడుగుతాడు. ఏదీ చెరపొద్దు. అకౌంటు పేరు మార్చుకుంటారు కాబట్టి పేరు ఒక్కటే చాలదు, ప్రొఫైల్ లింకు కాపీ చేసుకోండి, తేదీ టైము కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. ఆ బొమ్మని "చూడండి ఎంత ఘోరమో" అని బంధువులకి పంపొద్దు. పద్దెనిమిది నిండని పిల్లలదైతే పంపడమే నేరం, ఐటీ చట్టం 67బీ సెక్షను. ఆ తరవాత యాప్‌లో రిపోర్టు కొట్టండి, కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కి మెయిలు పెట్టండి. నగ్నంగా చూపించే బొమ్మలు, మార్ఫింగ్ చేసినవి అయితే ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని 2021 ఐటీ నియమాల్లో పెట్టారు, 2026 ఫిబ్రవరిలో ఆ గడువుని 2 గంటలకి తగ్గించారు. పెద్దవాళ్ళవైతే స్టాప్‌ఎన్‌సీఐఐ డాట్ ఓఆర్‌జీ, పిల్లలవైతే టేక్ ఇట్ డౌన్ అనే సైట్లున్నాయి. బొమ్మ మీ ఫోన్ దాటదు. దాని వేలిముద్ర లాంటి ఒక సంఖ్య మాత్రం వెళుతుంది. ఆ ఏర్పాటులో చేరిన కంపెనీలు ఆ సంఖ్యతో పోల్చి అడ్డుకుంటాయి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మహిళలు, పిల్లల కేసుల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి. పోలీస్ స్టేషన్‌లో "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి.

ఇక్కడ కూర్చున్న ఒక బాబు అడుగుతున్నారు, కొత్త డేటా చట్టం వచ్చింది కదా, అది కాపాడదా అని. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల సమాచారం వాడాలంటే కంపెనీ తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. బాగుంది. కానీ అదే చట్టంలో ఇంకో మాట ఉంది. సమాచారం ఎవరిదో వాళ్ళే దాన్ని బహిరంగంగా పెడితే ఆ సమాచారానికి చట్టం వర్తించదు. పిల్లల విషయంలో ఆ "వాళ్ళు" అన్నదాంట్లో తల్లిదండ్రులూ వస్తారు. మనం పబ్లిక్ అని నొక్కిన క్షణాన పిల్లాడికి ఆ రక్షణ పోయినట్టే.

అమ్మా, మీరు అడగండి. ఆ... "అమెరికాలో కూతురు మనవరాలి ఫోటో ఎక్కడా పెట్టొద్దంటోంది, నాకు బాధగా ఉంది, మరి నేను నలుగురికీ ఎలా చూపించుకోను" అంటున్నారు. అమ్మా, ఆవిడ మిమ్మల్ని దూరం పెట్టట్లేదు. చూపించుకోండి, ఫోన్ మీ చేతిలో పట్టుకుని చూపించండి. పంపక్కర్లేదు. మీ ఇద్దరి మధ్యా గూగుల్ ఫోటోస్‌లో ఒక షేర్డ్ ఆల్బమ్ పెట్టుకోండి. అందులో "లింక్ షేరింగ్" ఆపేసి, మీ మెయిల్ ఐడీని మాత్రం చేర్చమనండి. రోజూ కొత్త ఫోటోలు అందులో పడతాయి. నెలకోసారి నచ్చినవి పది ఎంచి గవర్నర్‌పేటలో ప్రింట్లు వేయించుకోండి. స్టూడియోకి వాట్సాప్‌లో పంపకుండా పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, ప్రింటు అయ్యాక వాళ్ళ కంప్యూటర్లో కాపీ ఉంటే మీ ముందే తీయించండి.

ఆ ఆల్బమ్ పెట్టడం, స్టేటస్ జాబితా మార్చడం ఎవరికైతే రావట్లేదో వాళ్ళు ఇటుపక్క బల్ల దగ్గరికి రండి. ఛార్జింగ్ ఉన్న ఫోన్లు ముందు. అమ్మా, మీరు రండి, మీ అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేద్దాం. అక్కడ ఇంకా తెల్లారి ఉండదు, మెసేజ్ పెడదాం.